చాప బరువు

మా బావ తనియేలా గుండె సగమే పనిచేస్తోందని తేల్చిన ఆసుపత్రి వాళ్లు, అక్క ఫోన్‌లో ఒక యాప్ పెట్టిచ్చారు. రోజూ పొద్దున్నే బావ తూకం మిషనెక్కాలి, అక్క ఆ అంకె యాప్‌లో కొట్టాలి. బరువు ఉన్నట్టుండి పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. అప్పుడు ఫోన్ ఎర్రబడుతుంది, లాతయి అనే నర్సు ఫోన్ చేస్తుంది. ఆ ఎరుపంటే మా కలొలైనె అక్కకి ప్రాణం మీదికొచ్చినంత భయం.

ఇంతలో బావ వాళ్ల పెద్దక్క పోయింది. మా తోంగా దీవుల్లో అక్క ముందు తమ్ముడెప్పుడూ తక్కువవాడే. ఆమె చావుకి అతను అందరికంటే పెద్ద చాప, అదీ చిరుగులు పట్టింది, ఒంటికి చుట్టుకుని వంటపొయ్యి దగ్గర చాకిరీ చెయ్యాలి. బావ చుట్టుకున్న చాప చంకల నుంచి చీలమండల దాకా ఉంది. మర్నాడు దానితోనే మిషనెక్కబోయాడు.

"అది విప్పి ఎక్కు," అంది అక్క.

"ఇంటినిండా మా అక్క పిల్లలుంటే చాప విప్పమంటావేంటే? సిగ్గుండాలి."

ఫోన్ ఎర్రబడింది. లాతయి వెంటనే చేసింది.

"ఏం లేదమ్మా, చాపతో ఎక్కాడు."

లాతయి కూడా మా దేశపు పిల్లే. చాప అనగానే ఇంకేమీ అడగలేదు. "అయితే చాప బరువు తీసేసి కొట్టు వదినా," అంది.

చాప బరువెంతో ఎవరికి తెలుసు? ఎంత పెరిగితే అంతా చాపదే అనుకుంది అక్క. వాన పడింది, చాప తడిసిందంది. ఇంకా పెరిగితే, ఎండలేదంది. రోజూ పాత అంకే కొట్టింది, ఫోన్ పచ్చగానే ఉంది. బావ ఆయాసపడుతుంటే పొయ్యి పొగన్నాం. రాత్రిళ్లు కూర్చునే కునికితే ఎవరికీ అనుమానం రాలేదు, చావింట్లో నడుం వాల్చేదెవరు గనక. ఒంట్లో నీరు పట్టించే ఉప్పు మాంసం వడ్డించిందీ మేమే. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

దినాలు ముగిసి చాపలు విప్పారు. బావ తేలిగ్గా మిషనెక్కాడు. నిన్న చాపతో ఎంతుందో, ఇవాళ చాప లేకుండా అంతే ఉంది.

"మిషన్ పాడైంది," అంది అక్క. బావని దింపి, విప్పిన చాప మడిచి మిషను మీద పెట్టింది. అంకె కాస్త కదిలి ఆగిపోయింది. ఆ చిరుగుల చాపకి బరువే లేదు.

నేను వంగి బావ పాదం చూశాను. ఇన్నాళ్లూ చాప కింద దాక్కున్న కాలు ఉబ్బి నున్నగా మెరుస్తోంది. వేలితో నొక్కితే గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు.

అక్క అసలు అంకె కొట్టింది. ఫోన్ ఎర్రబడింది. మోగేదాకా ఆగలేక తనే చేసింది.

"లాతయీ, చాప కాదమ్మా. ఆ బరువంతా అతనిదే."

లాతయి ఏడుపు ఆపుకుంటూ, "పడుకోబెట్టకు వదినా, కూర్చోబెట్టే తీసుకురండి. ఇప్పుడే," అంది.

పక్కింటి వాళ్ల ట్రక్కు కోసం నేను వానలోనే పరిగెత్తాను. ట్రక్కుతో తిరిగొచ్చేసరికి బావ గుమ్మంలో కూర్చుని నోటితో గాలి లాక్కుంటున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. అక్క ఏం చెయ్యాలో తోచక చాప చుట్టి పెట్టెలో దాస్తోంది.

"మరీ లోపల పెట్టకే," అన్నాడు బావ, నవ్వబోతూ. "ఈసారి నీ వంతు."

అక్క ఆ చాప తీసి వానలోకి విసిరికొట్టింది. "కట్టుకోను," అంది. "నీ కోసం మాత్రం కట్టుకోను, విన్నావా?"

బావ వినలేదు, గాలి లాక్కోవడం ఆగిపోయింది. నేనూ అక్కా చెరో చంకలో చెయ్యేసి లేపబోయాం. ఆ బరువు మా ఇద్దరివల్లా లేవలేదు.