బీరువాలో పలువరుస

పొద్దున్నే ఆ ఇంట్లో మూడు చప్పుళ్ళు వినిపించేవి. కుట్టుమిషను టకటకలు, నానమ్మ గ్లాసులోంచి కట్టుడుపళ్ళు తీసేటప్పటి గలగల, ఆ వెంటనే "నోరు అలా పెట్టకే, ఎవరైనా చూస్తారు!" అనే కేక. మొదటి రెండింటివల్లా ఎవరికీ నష్టం లేదు. ఈ కథంతా మూడోదాని గురించే.

ఆ కేక వేసేది ఆ ఇంటి ఇల్లాలు. వీధిగదిలో మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. చెయ్యి మంచిది, మనసు అంతకన్నా మంచిది, గుండె మాత్రం పిట్టగుండె. బస్సు నడిపే భర్త ఇంటికి రావడం పావుగంట ఆలస్యమైతే, బస్సు ఏ కాలవలోనో పడిపోయిందనుకుంటుంది. పాలు పొంగితే ఇల్లు అంటుకుంటుందనుకుంటుంది. "మా కోడలు మబ్బు పట్టకముందే వరదలో కొట్టుకుపోతుంది" అని అత్తగారు అందరికీ చెబుతూ ఉంటుంది.

ఆమెకు ఒక్కగానొక్క కూతురు, పదమూడేళ్ళది. ఎప్పుడూ కిచకిచలాడుతూ ఉంటుందని అందరూ పిచ్చుక అంటారు.

పిచ్చుకకు చిన్నప్పటినుంచీ పైపళ్ళూ కిందిపళ్ళూ ముందువైపు కలిసేవి కావు. గుటక వేసినప్పుడల్లా నాలుక వెళ్ళి పళ్ళను ముందుకు తోసేది. నిద్రలో నోరు తెరుచుకుని గాలి పీల్చేది. పళ్ళ డాక్టరమ్మ క్లిప్పులు వేసి, రెండేళ్ళు ఓపిక పట్టించి, వరుస కుదిర్చింది. క్లిప్పులు తీసిన రోజున పిచ్చుక ఇంటికొస్తూనే చేసిన పని ఏమిటో తెలుసా? అమ్మ చేతిలోని దారాన్ని ముందుపళ్ళతో పుటుక్కున తెంపడం! అంతకుముందు ఎన్నిసార్లు కొరికినా దారం పళ్ళ సందులోంచి జారిపోయేది. ఆ రోజు ఇల్లంతా చప్పట్లే.

డాక్టరమ్మ ఊరికే పంపలేదు. పళ్ళకు తొడుక్కునే, అద్దంలా ఉండే ఒక ప్లేటు ఇచ్చి, తిండివేళ తప్ప రాత్రీ పగలూ పెట్టుకోమంది. నాలుక కొసను పైపళ్ళ వెనక చిగుళ్ళకు ఆనించి ఉంచడం, నాలుకను అంగిలికి అతికించి టక్కుమని వదలడం, దారం కట్టిన పెద్ద బొత్తాన్ని పెదవుల వెనక పట్టి లాగినా జారనివ్వకపోవడం, ఇలాంటి కసరత్తులు నేర్పింది. "పెద్దవాళ్ళు పక్కనుండి చేయించాలి" అని మరీ చెప్పింది.

ఇల్లాలికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిద్రలో పిల్ల ప్లేటు మింగేస్తేనో? బడిలో ఎవరైనా తొక్కేస్తేనో? రోజూ వాడితే అరిగిపోదూ? తెల్లారేసరికి ఉపాయం తట్టింది. ప్లేటును శుభ్రంగా కడిగి, పట్టుముక్కలో చుట్టి, కమ్మలపెట్టెలో పెట్టి, బీరువాలో మంచిబట్టల అడుగున దాచింది. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట, ఎవరింటికైనా వెళ్ళేటప్పుడు ఒక గంట పెట్టుకోమని బయటికి తీసేది.

నవ్వకండి. కొత్త దుప్పటి చుట్టాలకని దాచి, చిరుగుల దుప్పటి మనం కప్పుకోవడం లేదూ? మంచి గ్లాసులు అటకమీద పెట్టి, సొట్టగ్లాసుల్లో తాగడం లేదూ? ఆ తల్లి చేసిందీ అదే.

ఇక కసరత్తులంటారా, వాటికి ఆ ఇంట్లో తావే లేకపోయింది. కొలతలివ్వడానికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. "ఆడపిల్ల నాలుక ఆడించడమేమిటి? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? ఆ బొత్తాం గొంతులో పడితే నేనేం చెయ్యను?" అనేది. పిచ్చుక మొదట్లో దొడ్లో చాటుగా చేసింది. అక్కడా అమ్మ కేక వినిపించేసరికి మానేసింది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఇల్లాలు చొక్కాకు బొత్తాలు కుడుతోంది. కత్తెర దొరకలేదు. "ఏయ్ పిచ్చుకా, దారం తెంపి పోవే" అంది. పిల్ల ఒంగి కొరికింది. దారం తెగలేదు. మళ్ళీ కొరికింది. దారం పళ్ళ సందులోంచి హాయిగా ఇవతలికి వచ్చేసింది.

తల్లి చొక్కా వదిలేసి పరుగెత్తింది. బీరువాలోంచి ప్లేటు తీసి పెట్టబోతే అది పళ్ళమీద కూర్చోలేదు. పిల్ల "నొప్పే అమ్మా" అంది.

"అత్తయ్యా! పళ్ళు మళ్ళీ కదిలిపోయాయి. ఇక దవడ కోసేస్తారు కాబోలు!"

"ముందు పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళవే తల్లీ, కోతల సంగతి తర్వాత చూద్దాం" అంది అత్తగారు.

దారి పొడుగునా ఇల్లాలు పోట్లాటకు మాటలు కూర్చుకుంది. రెండేళ్ళు తిప్పించుకుని ఇదేనా మీరు చేసింది అని అడిగేయాలనుకుంది. డాక్టరమ్మ పిల్ల నోరు చూసి ఒకే ప్రశ్న వేసింది. "ప్లేటు రోజూ పెట్టుకుంటున్నావా?"

పిచ్చుక ఒకసారి అమ్మ వంక చూసి తల దించుకుంది. "లేదండీ. నేనే మర్చిపోయేదాన్ని."

ఆ అబద్ధం తల్లిగుండెలో సూదిలా దిగింది. దారిలో కూర్చుకున్న పోట్లాటను అక్కడే వదిలేసింది. మెల్లగా సంచీలోంచి కమ్మలపెట్టె తీసి బల్లమీద పెట్టింది. "దాని తప్పేం లేదండీ. నేనే దాచాను, పాడవుతుందని."

డాక్టరమ్మ పట్టుముక్క విప్పింది. "కుక్క కొరికిన ప్లేటు చూశాను, చెత్తబుట్టలోంచి ఏరుకొచ్చింది చూశాను. పట్టుబట్ట కట్టుకున్న ప్లేటును మాత్రం ఇదే చూడటం!" అని నవ్వింది. పిచ్చుకా కిసుక్కుమంది. తల్లికి మాత్రం నవ్వు రాలేదు.

"మళ్ళీ క్లిప్పులేనాండీ?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా. కొంచెమే కదిలాయి. వాటిని వెనక్కి తెచ్చే కొత్త ప్లేటు చేయిస్తాను. నాలుక దారికొస్తే సరే, లేకపోతే మళ్ళీ మొదటికే." డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మీరు కుట్టుపని చేస్తారు కదా. ఏళ్ళ తరబడి మడతలో ఉన్న గుడ్డను ఒక్కసారి ఇస్త్రీ చేసి వదిలేస్తే ఏమవుతుంది?"

"పాత మడత మళ్ళీ తేలుతుంది" అంది ఇల్లాలు ఠక్కున. అన్నాక తన మాట తనకే వినిపించింది. "అంటే... పళ్ళూ అంతేనాండీ?"

"అంతే. క్లిప్పులు మేం వేసే ఇస్త్రీ. మడత మళ్ళీ తేలకుండా పట్టి ఉంచేది ప్లేటు. రోజూ తోసే నాలుకకు బుద్ధి చెప్పేది కసరత్తు. అది ఎందుకు మానిపించారు?"

"నలుగురూ నవ్వుతారని..."

"ఎవరమ్మా ఆ నలుగురు? ఒకసారి తీసుకురండి, వాళ్ళ పళ్ళు కూడా చూస్తాను!"

ఈసారి తల్లికీ నవ్వు ఆగలేదు. డాక్టరమ్మ వదల్లేదు. "ముందు మీరు చేసి చూపించండి, టక్కుమనిపించండి" అంది. ఇల్లాలు తలుపు వంక, కిటికీ వంక చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని నాలుక టక్కుమనిపించింది. బయట వరుసలో కూర్చున్నవాళ్ళలోంచి ఒక పసివాడు బదులుగా టక్కుమన్నాడు.

కొత్త ప్లేటు వచ్చింది. అది బీరువా ముఖం చూడలేదు. తీసినప్పుడు పెట్టుకోవడానికి చిన్న డబ్బా ఒకటి బడిసంచీలో చేరింది. సాయంత్రం మిషను ఆపగానే వీధిగదిలోనే కసరత్తు. కోటుబొత్తాలకు గట్టిదారం కట్టి, తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని లాగుడుపోటీ పెట్టుకునేవారు. నానమ్మ టక్కుల్లో అందరినీ ఓడించేది. "నోట్లో నాకు మిగిలిన సొంత సరుకు ఈ నాలుకొక్కటే. దీన్ని ఎవరూ ఊడగొట్టలేదు" అని గొప్పలు పోయేది.

ఒకరోజు ఎదురింటావిడ కొలతల చొక్కా పట్టుకుని చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చేసింది. ముగ్గురు ఆడవాళ్ళు నోళ్ళలోంచి దారాలు వేలాడదీసుకుని కూర్చున్నారు. ఇల్లాలు ఇన్నాళ్ళూ భయపడ్డ గడియ రానే వచ్చింది.

"ఇదేం ఆటమ్మా?" అంది ఎదురింటావిడ గుమ్మంలోనే నిలబడిపోయి.

ఇల్లాలు బొత్తాం తీసేసి, గొంతు సవరించుకుని, మొదటినుంచీ చెప్పుకొచ్చింది. నోటితో గాలి పీల్చడం, నాలుక పళ్ళను తోయడం, బీరువా, పట్టుముక్క, ఏదీ దాచలేదు. ఎదురింటావిడ నవ్వుతుందేమోనని ముఖంలోకే చూసింది. ఆవిడ నవ్వలేదు. గుమ్మంలోంచి వచ్చి చతికిలబడింది.

"మా చిన్నదీ నోరు తెరుచుకునే పడుకుంటుంది వదినా. ముద్దుగా ఉందనుకుని ఊరుకున్నాం. ఏ డాక్టరో కాస్త చెప్పు."

నలుగురు అంటే భయపడ్డ ఇంట్లో ఆ సాయంత్రం నాలుగో మనిషి అలా చేరింది.

తర్వాత తనిఖీకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ అద్దం పెట్టి చాలాసేపు చూసింది. ఆ కాసేపట్లో ఇల్లాలు మనసులో మూడుసార్లు దవడ కోయించింది. "కుదురుకున్నాయి. క్లిప్పులు అక్కర్లేదు. ప్లేటు మాత్రం నేను చెప్పేదాకా మానకూడదు, కసరత్తూ అంతే" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక ఇల్లాలు ఊరుకుంటుందా? దారం పోగొకటి కూతురి పళ్ళమధ్య పెట్టి మెల్లగా లాగింది. రాలేదు. ఇంకాస్త లాగింది. ఊహూ! పిచ్చుక దారాన్ని పళ్ళతో పట్టుకునే ఉండి, కళ్ళతో నవ్వింది.

"ఇక తెంపేదా అమ్మా?"

"వద్దే తల్లీ! కత్తెర ఉంది కదా" అంటూ కత్తెర అందించి, ఇల్లాలు బీరువా దగ్గరికి వెళ్ళింది. ఖాళీ కమ్మలపెట్టెలో మళ్ళీ కమ్మలు పెట్టబోయి, ఒక్క క్షణం ఆగి, వాటిని చెవులకు పెట్టుకుంది.

"ఏ పెళ్ళికే?" అంది అత్తగారు.

"ఏ పెళ్ళికీ కాదత్తయ్యా, దాచే అలవాటు మానుకుంటున్నా. దాస్తే మిగిలేవి వస్తువులు. పిల్లల ఆరోగ్యం మాత్రం రోజూ, పదిమందిలోనూ సిగ్గుపడకుండా సాధన చేస్తేనే మిగులుతుంది."