నా మీద లేని తీగచుట్టుడు

నేను ఒక బయోడేటా కాగితాన్ని. ఒంటినిండా అబద్ధాలతో పుట్టాను. తప్పు నాది కాదు.

నన్ను అచ్చువేసింది మండల కేంద్రంలో నెట్ సెంటర్ నడిపే సదయ్య. ఎవరొచ్చినా పాత బయోడేటా ఒకటి తెరిచి, పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు మార్చి ఇస్తాడు. రుచితకూ అంతే చేశాడు. ఆ అమ్మాయి తండ్రి షాపులో ఆరేళ్లపాటు, కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టింది. శబ్దం విని జబ్బు చెప్పేస్తుంది. తండ్రికి చూపు మందగించి షాపు మూతపడింది. పత్తి మిల్లులో మోటార్లు చూసుకునే పని దొరికితేనే ఇక ఇల్లు నడిచేది.

"అన్నా, మోటార్లు చుట్టుడు వస్తదని రాయవా?" అని మెల్లగా అడిగింది.

"ఆడివిల్ల మోటార్లు చుట్టుడేందని నవ్వుతరు చెల్లె. పాతదాంట్ల ఉన్నది గిట్లనే ఉంటెనే బరువుంటది."

అలా నాకు నాయకత్వ లక్షణాలు, అనర్గళంగా మాట్లాడే నేర్పు, హాబీగా క్రికెట్ అంటుకున్నాయి. ఆ క్రికెట్ ఎవరిదో నాకూ తెలియదు.

మిల్లు మేనేజరు నన్ను పైనుంచి కిందికి చదివాడు. ఏ జట్టుకు నాయకత్వం వహించావని అడిగాడు. బ్యాటింగా, బౌలింగా అన్నాడు. పక్కాయన నవ్వాడు. నెత్తిమీద ఫ్యాను గరగరమంటోంది. రుచిత పైకి చూసింది. చెప్పు తల్లీ, చెప్పు అని నేను గింజుకున్నాను.

"సార్, ఫ్యాను బేరింగ్ పోయింది. గిట్లనే తిప్పితె కాలిపోతది," అంది, దాదాపు తనలో తనే.

"అడిగినదానికి జవాబు చెప్పమ్మా."

నా మూలమీద ఎర్ర సిరాతో 'మాట్లాడటం రాదు' అని రాశాడు. ఆమె చేతికి ఒక్క తీగముక్క ఇచ్చి చూసినవాడు లేడు. నన్ను నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దూర్చారు.

ఉద్యోగం గలగలా మాట్లాడే ఒకాయనకు వచ్చింది. ఆయనకూ హాబీ క్రికెట్టేనట.

నిన్న కాలిన వాసన వచ్చి ఫ్యాను ఆగిపోయింది. కొత్తాయన దానికింద నిలబడి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. ఫ్యాను వినలేదు. మేనేజరు చెమట తుడుచుకుంటూ, పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కనిపించినవాళ్లనల్లా అడుగుతున్నాడు.

నా మీద నిజమైనవి ఆమె పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు. మూడూ ఆయన బల్ల కాలి కిందే నలుగుతున్నాయి.