నీళ్ళు తాగిన గోడ

మగ్గం గుంటలో వేళ్ళు పెట్టి చూసిన మునెప్ప చేతికి బురద అంటింది. ఏప్రిల్ నెల. ఊళ్ళో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కోసం ఆడవాళ్ళు బిందెలు వరస పెట్టుకుని కూర్చునే రోజులు. అటువంటప్పుడు సత్రంలో, నేతకు కూర్చున్న మనిషి కాళ్ళు దించుకునే గుంటలో, బురద.

"ఎన్ని దినాలుగా ఇట్లుండాది సావిత్రమ్మా?"

"ఎనిమిది దినాలైంటాదప్పా. ముందు చెమ్మ మాదిరి ఉన్నింది. ఇప్పుడు కాళ్ళు నానిపోతాండాయి," అంది సావిత్రమ్మ మగ్గం ముందు నుంచి లేవకుండానే. పట్టుచీర ఇంకా మూడు మూరలు మిగిలింది. అది దించి ఇస్తేనే వారం కష్టానికి మూడు వేలు.

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలోని ఆ చిన్న టౌనులో అది నూట ముప్పై ఏళ్ళ నాటి సత్రం. బాటసారులు రావడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడక్కడ నాలుగు మగ్గాలు, నాలుగు కుటుంబాలు. రెండేళ్ళ కిందట దాన్ని కొన్న చెంగల్రాయుడు ఆ స్థలంలో షాపింగ్ కాంప్లెక్సు కట్టాలని చూస్తున్నాడు. అడ్డమల్లా టౌను ఆఫీసు పెట్టుకున్న నిబంధన ఒక్కటే. నూరేళ్ళు దాటిన కట్టడాన్ని కూల్చాలంటే తలుపుకు నోటీసు అంటించి ముప్పై రోజులు ఆగాలి, అభ్యంతరాలు వినాలి. అయితే అందులోనే ఒక సందు ఉంది. సున్నం పని తెలిసిన మేస్త్రి చూసి 'తక్షణ ప్రమాదం' అని సంతకం పెడితే నోటీసు అక్కర్లేదు. ఆ రోజే పడగొట్టవచ్చు.

చుట్టుపక్కల అటువంటి మేస్త్రి మునెప్ప ఒక్కడే మిగిలాడు. పొద్దున ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఆయన వచ్చేసరికే సత్రం ముందు జేసీబీ నిలబడి ఉంది.

మునెప్ప బయటికి వచ్చి గోడ వెంబడే నడిచాడు. వెనకవైపు చెత్త కుప్ప కింద కొత్త నల్ల పైపు కనిపించింది. ఒక కొస పక్కనే ఉన్న చెంగల్రాయుడి గోడౌనులోకి పోయింది. రెండో కొసను పునాది పక్కన తవ్విన గుంతలోకి దించారు. వంగి విన్నాడు. నీళ్ళు పారుతున్నాయి. తడి గోడలో నిలువెత్తు దాకా ఎక్కింది. గోడ పైభాగం జానెడు బయటికి వాలింది.

ఈ గోడ నిజంగానే పడుతుంది.

టౌను ఆఫీసులో ప్లానింగు పని చూసే అనిత ఫారం పట్టుకుని వచ్చింది. ఆమె వెనకే చెంగల్రాయుడు.

"సూసినావు గదా మునెప్పన్నా, ప్రమాదమే గదా?" అంది అనిత. ఆమె కళ్ళు పైపు మీద పడి, వెంటనే ఫారం మీదికి వచ్చేశాయి.

"ప్రమాదమేనమ్మా. గోడ ముసిలిదై వాల్లేదు. దాని కాళ్ళ కింద నీళ్ళు వదిల్నారు. అది రాసుకో."

"ఆ మాట రాసేదానికి దీంట్లో యాడా చోటు లేదన్నా. పొద్దున్నించి నాకు ఫోన్ల మీద ఫోన్లు వస్తాండాయి."

చెంగల్రాయుడు మునెప్ప భుజం మీద చెయ్యి వేశాడు. "పైపు లీకైంటాదిలే. కాంప్లెక్సులో టైల్స్ పనంతా మీ నవీన్‌కే ఇస్తానని చెప్పినా గదా. సంతకం పెట్టు. మగ్గాలోళ్ళు ప్రాణాలతో బయటపడ్తారు. రేపు గోడ పడి నలుగురు పోతే, ఆ పాపం ఎవురి మెడకు సుట్టుకుంటాదో ఆలోచించుకో."

కొడుకు నవీన్‌కు మూడు నెలలుగా సరిగా పని లేదు. కానీ మునెప్పను పట్టుకున్నది ఆ చివరి మాట. సంతకం పెడితే సాయంత్రానికి నాలుగు కుటుంబాలు రోడ్డు మీద. పెట్టకపోతే వాళ్ళ నెత్తిన గోడ. భుజం మీద చెయ్యి బరువుగా ఉంది.

"నీళ్ళు ఆపేసి, దన్ను పెట్టి, నెల దినాలు ఆరనిస్తే నిలబడ్తాది," అన్నాడు చివరికి. "నేను సంతకం పెట్టను."

చెంగల్రాయుడు కోప్పడలేదు. చెయ్యి తీసేశాడు. "నీ ఇష్టం. పడేదానికి గోడకు నీ సంతకం యాల?" అని జేసీబీ వైపు నడిచాడు.

మునెప్ప పైపును గుంతలోంచి పెరికి దూరంగా విసిరేశాడు. "సావిత్రమ్మా! మగ్గాలు ఇడిసి అందరూ బయటికి రాండి. పందిళ్ళకేసే సర్వి కట్టెలు దొరికినన్ని తెచ్చీండి!"

"మూడు మూరలేనప్పా..."

"రామ్మా!"

ఆమె చీర వైపు ఒకసారి చూసి లేచింది. వీధి చివర పందిళ్ళ షెడ్డు నుంచి ఆడవాళ్ళు కట్టెలు మోసుకొచ్చారు. గోడకు మొదటి కట్టె నిలిచింది. రెండోది నిలిచింది. మూడోది ఎత్తుతుండగా ముందువైపు జేసీబీ ఇంజను మోగింది. కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది.

"ఆ బండి ఆపమని చెప్పమ్మా!" అని అరిచాడు మునెప్ప. "ఈ అదురుకే పడ్తాది!"

అనిత నోరు తెరిచింది. సందు చివర నిలబడిన చెంగల్రాయుడి వైపు చూసింది. ఇంజను ఆగలేదు.

సావిత్రమ్మ వచ్చి మునెప్ప పక్కన కట్టెకు భుజం ఆనించింది. పైనుంచి సున్నం సన్నగా రాలి ఇద్దరి మెడల మీద పడుతోంది.