నవ్వులు రాని లైను

హజరత్తయ్య నిచ్చెన మీద నిలబడి కేబులు జాయింటుకు చుట్టిన సైకిలు ట్యూబు ముక్కను విప్పుతున్నాడు. కింద గుమ్మంలో నిలబడ్డ భానుప్రియ, నవ్వులు వచ్చాయా లేదా అని మూడోసారి అడిగింది.

"పొద్దున ఎనిమిదికి నవ్వులెట్ట వస్తాయమ్మా, వార్తలు కదా వస్తా ఉండేది" అన్నాడతను తల దించకుండా.

మూడు రోజులుగా మైపాడు పాలెం వీధిలో ఇదే ఫిర్యాదు. సాయంత్రం ఏడింటికి 'మూడో వాటా' అనే హాస్య సీరియల్ వస్తుంది. ఒక ఇంటి యజమాని, ఆయన భార్య, మూడు వాటాల్లో అద్దెకున్నవాళ్లు, వాళ్ల చిన్న చిన్న తగాదాలు, అంతే కథ. ఎవరైనా ఒక మాట అనగానే వెనక నుంచి వందమంది ఒక్కసారిగా నవ్వినట్టు రికార్డు నవ్వు వినిపించేది. సోమవారం నుంచి అది ఆగిపోయింది. మాటలు వస్తున్నాయి, పాటలు వస్తున్నాయి, నవ్వు ఒక్కటే లేదు. పోయిన వారం ఈదురుగాలికి వైరు తెగితే అతికింది హజరత్తయ్యే. ఆ అతకడంలో నవ్వులొచ్చే తీగ ఒకటి కలపడం మరిచిపోయాడని వీధి మొత్తం తీర్మానించుకుంది.

నెల్లూరు ఆఫీసుకు అతను రెండుసార్లు ఫోను చేశాడు. సీరియల్ తీసేవాళ్లే నవ్వులు తీసేశారట, దేశమంతా ఇలాగే వస్తోందట. ఆ మాట వీధిలో చెబితే ఒక్కరూ నమ్మలేదు. పైగా డిష్షులు బిగించే మనిషి ఒకడు నిన్న వచ్చి, తన పెట్టెలో నవ్వులతో సహా అన్నీ వస్తాయని చెప్పిపోయాడు. పొద్దున్నే కేబులు యజమాని నరేంద్రబాబు పిలిచి, ఈ రాత్రికి కూడా ఫిర్యాదులు వస్తే రేపు ఆ వీధి వైరు విప్పి చుట్టేస్తానని నిదానంగానే చెప్పాడు. ముప్పై ఎనిమిది ఇళ్లు. మైపాడులో ఆ కేబులుకు మిగిలిన వీధి అదొక్కటే. ఇరవై ఆరేళ్ల కిందట మొదటి స్తంభానికి మొదటి వైరు కట్టింది హజరత్తయ్య.

అయినా అతనికి దిగులుగా లేదు. సోమవారం నుంచి పండక్కి కొత్త చొక్కా కుట్టించుకున్నవాడిలా తిరుగుతున్నాడు. కారణం ఎవరికి చెప్పినా నవ్వుతారని చెప్పలేదు.

యాభై ఏడేళ్ల మనిషి. సన్నగా, ఎండిన కట్టెలా ఉంటాడు. వైరు కోసుకుపోయిన గీతలతో వేళ్లు గరుకుదేలాయి. సముద్రపు గాలికి ఇత్తడి మరలు నెలకే పచ్చగా చిలుము పట్టిపోతాయి కనుక ప్రతి జాయింటుకూ గ్రీజు రాసి, సైకిలు ట్యూబు చుట్టి, నైలాను దారంతో కట్టడం అతని పద్ధతి. అతని ఇంట్లో టీవీ చెడిపోయి ఏడేళ్లయింది. ఊరందరి ఇళ్లలో బొమ్మ తెప్పించే మగడు తన ఇంట్లో తెప్పించలేడని భార్య వెంకటశేషమ్మ దెప్పిపొడుస్తూనే ఉంటుంది. అతను పట్టించుకోడు. వీధిలో ముప్పై ఎనిమిది టీవీలుండగా ఇంకొకటి ఎందుకు?

ఏడింటికి అతను వీధి మొదట్లో బయల్దేరతాడు. ఆరడుగుల ఎడంలో ఎదురెదురు ఇళ్లు, అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి, అన్నింట్లోనూ అదే సీరియల్. ఒక గుమ్మం దగ్గర మొదలైన మాట రెండో గుమ్మం దగ్గర పూర్తవుతుంది. వీధి నడిమధ్యన ఒక ఇంటి దగ్గర మాత్రం, అతను వచ్చేసరికి టీవీ గొంతు పెరుగుతుంది. బొమ్మ ఎక్కడైనా గీతలు పడుతోందా అని చూసుకుంటూ నడుస్తుంటే వీధికి సముద్రం వైపు చివరకు చేరేసరికి కథ అయిపోతుంది. ఏ ఇంట్లోనూ కూర్చోకుండా ప్రతి సీరియల్‌నూ అతను అలాగే చూశాడు. సోమవారం మొదటిసారి, ఆ రికార్డు మోత లేకపోయేసరికి, సీరియల్లో ఇంటి యజమాని దువ్వెన తలకు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఇన్నాళ్లూ దాని కింద ఎన్ని చప్పుళ్లు మునిగిపోయాయో అనుకుంటే అతనికి ఒళ్లు పులకరించింది.

మధ్యాహ్నం వలలు బాగుచేసే రంగనాయకులు ఇంట్లో లైను చూసి, ఆ చప్పుడు సంగతి వివరించబోయాడు. ఇంటాయన గోడ మీది అద్దం మొదటి వారంలోనే పగిలిపోయిందనీ, అప్పటినుంచీ ఆయన రోజూ ఉత్త మేకును చూసి తల దువ్వుకుంటున్నాడనీ, ఆ సంగతి సీరియల్లో ఎవరూ ఎత్తరనీ, నవ్వంతా అక్కడే ఉందనీ చెప్పాడు.

రంగనాయకులు వల పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"సరే అన్నా, అద్దం లేదు. దాంట్లో నవ్వేదానికేముంది?"

చెప్పిన కొద్దీ అది నవ్వులాట కాకుండా పోతోంది. హజరత్తయ్య పటకారు జేబులో వేసుకుని, వీధి నడిమధ్యన ఉన్న ఎలిశబెతు ఇంటికి నడిచాడు.

మేకు సంగతి మొదట కనిపెట్టింది ఆమే. డెబ్బై రెండేళ్లుంటాయి. నెల్లూరులో ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఏళ్లు వంట చేసింది. వార్డెనుకు వినపడకూడదని అన్నేళ్లూ చెంగు నోటికి అడ్డం పెట్టుకునే నవ్వింది. ఇక్కడికొచ్చాక ఆ బాకీ తీర్చుకున్నట్టు కడుపులోంచి నవ్వేది. రికార్డు నవ్వు కంటే అర క్షణం ముందే ఆమె నవ్వు వినిపించేది. ఇప్పుడు గుండె బలహీనపడి కాళ్లకు నీరు పట్టింది. కోడలు షారన్ రొయ్యపిల్లల హేచరీకి పనికి పోతే, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాళ్లు పీట మీద పెట్టుకుని, చేపల చేతులతో ఎవరైనా ముట్టుకుంటారని కవరు తొడిగిన రిమోటును ఒళ్లో ఉంచుకుని సాయంత్రం కోసం చూస్తుంది.

"అక్కా, ఈ పొద్దు నువ్వు నవ్వాల" అన్నాడు గడప మీద కూర్చుని.

"నవ్వకుండా ఎప్పుడుండాను రా?"

"ఇంట్లోకి కాదు, వీధిలోకి నవ్వాల. తలుపు బార్లా తీసి, కుర్చీ గుమ్మంలోకి జరుపుకో. యాడ నవ్వాల్నో వీళ్లకి తెలీడం లేదు. నువ్వు నవ్వితే ఏందా అని చూస్తారు. చూస్తే చాలు."

ఎలిశబెతు అతన్ని ఎగాదిగా చూసింది.

"అంటే, నువ్వు అతకడం మరిచిపోయిన తీగ నేనేనన్నమాట."

"ఒక్క రోజుకే అక్కా."

"డాక్టరు ఉప్పు తినొద్దన్నాడు, మెట్లెక్కొద్దన్నాడు. నవ్వొద్దని మాత్రం చెప్పలేదు" అని ఆమె అప్పుడే ఒకసారి నవ్వి చూపించింది. ఎదురింటి భానుప్రియ చేటతో సహా బయటికొచ్చింది.

కుర్చీని అతనే గుమ్మంలోకి జరిపాడు, టీవీ, వీధి రెండూ కనపడేలా.

సాయంత్రం ఏడయింది. ఈసారి హజరత్తయ్య నడవకుండా, ఎలిశబెతు ఇంటి ముందు స్తంభానికి నిచ్చెన వేసి, లైను చూస్తున్నట్టు రెండో మెట్టు మీద నిలబడ్డాడు. అక్కణ్నుంచి అటు ఇటు పది గుమ్మాలు కనిపిస్తాయి. సీరియల్ మొదలైంది. మూడు నిమిషాలు వీధిలో ఎవరూ కదల్లేదు. జనం టీవీని కాక అతన్నే చూస్తున్నట్టు అనిపించింది.

ఇంటి యజమాని, వాటాల్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదని పెరట్లోంచి వీధి వాకిటి దాకా కేకలేసుకుంటూ తిరిగాడు. ఎలిశబెతు నవ్వింది. భానుప్రియ ఆమెను చూసి, తిరిగి టీవీని చూసి, "వీడు అరస్తా ఉండేది ఏమనీ" అని తనలో తాను అనుకుని, నోరు మూసుకోవడం మరిచిపోయింది. తర్వాత ఆయన దువ్వెన తీశాడు. మేకు ముందు నిలబడి తల అటు వంచాడు, ఇటు వంచాడు, మేకుకు ఎడమ పక్కగా జరిగి చెంప చూసుకున్నాడు. ఎలిశబెతు నవ్వు వీధి రెండు చివరలకూ వినిపించింది. నాలుగో ఇంట్లోంచి రంగనాయకులు గొంతు లేచింది.

"వాడికి మేకులో చెంప కనపడతా ఉందే."

అంతే. అతని ఇంట్లో నలుగురూ నవ్వారు. ఆ నవ్వు గోడ దాటింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక తొంగిచూసినవాళ్లు కూడా మేకును చూశారు. హజరత్తయ్య నిచ్చెన పట్టుకుని నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు. ఎవరి నవ్వు వాళ్లదే, ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకటి దగ్గుతో కలిసి. రికార్డులో ఏనాడూ ఇలా వినపడలేదు.

చివరి ఘట్టంలో ఇంటాయన భార్య కొత్త అద్దం తెచ్చి ఆ మేకుకే తగిలించింది. ఆయన దువ్వెనతో వచ్చి, అద్దంలో ఎవరో ఉన్నట్టు ఆగిపోయాడు. మర్యాదగా పక్కకు తప్పుకుని, ఉత్త గోడ ముందు నిలబడి తల దువ్వుకున్నాడు. సీరియల్లో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

వీధంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. భానుప్రియ గడప పట్టుకుని కూలబడిపోయింది. హజరత్తయ్య కూడా నవ్వాడు, నవ్వుతూనే ఏదో తక్కువైనట్టు ఆగాడు. అందరికంటే అర క్షణం ముందు రావలసిన నవ్వు రాలేదు.

నిచ్చెన దిగాడు. ఎలిశబెతు కుర్చీలోనే ఉంది. చెంగు నోటికి అడ్డంగా ఉంది. పాత అలవాటు గుర్తొచ్చిందేమో అనుకుని దగ్గరికెళ్లి, "అక్కా, విన్నావా" అన్నాడు. మళ్లీ పిలిచాడు. పీట మీది పాదాన్ని ముట్టుకున్నాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, పీట పక్కనే గొంతుకూర్చున్నాడు. వీధిలో ఇంకా నవ్వుతూనే ఉన్నారు. వాళ్లను ఆపాలని అతనికి అనిపించలేదు.

కాసేపటికి షారన్ ఆటో దిగి వచ్చింది. ఆమె ఏడుపు విని ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు లోపలికొచ్చారు. పాస్టరుగారికి కబురు వెళ్లింది. హజరత్తయ్య ఫోను మోగింది. నరేంద్రబాబు, ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని అడిగాడు.

"లేవన్నా" అన్నాడతను బయటికొచ్చి. "నవ్వులు వచ్చినాయి. లైను బాగుండాది."

లోపల టీవీ ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి రిమోటు అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, గోడ దగ్గర ప్లగ్గు పీకాడు. రిమోటు ఆమె ఒళ్లోనే ఉంది, రబ్బరు బ్యాండు వేసిన కవరులో. కవరు అంతా మెరుస్తూ కొత్తగానే ఉంది, ధ్వని పెంచే మీట దగ్గర మాత్రం బొటనవేలంత మేర అరిగి చిల్లు పడింది.