ఆ మాటంటే గిన్నెలు తోమాలి

పళ్ళ మేస్త్రి సైకిల్ మీంచి పడ్డాడు. ఎక్కడనుకున్నారు? సరిగ్గా బేకరీ ముందు మలుపులో, పొద్దున్నే జనం బ్రెడ్డు కోసం బారులు తీరి నిలబడ్డ వేళ. ఇంకెక్కడా చోటు దొరకలేదు మహానుభావుడికి!

కట్టుడు పళ్ళు చేయడం ఆయన పని, అందుకే వీధిలో ఆ పేరు. పద్దెనిమిదేళ్ళుగా అదే ల్యాబు, అదే సైకిలు, అదే మలుపు. ఆ రోజు హ్యాండిల్‌కి తగిలించిన సంచీలో ఎవరో పెద్దాయన పళ్ళసెట్టు ఉంది. బేకరీవాడు మెట్లు కడిగిన నీళ్ళు రోడ్డెక్కాయి, ముందు చక్రం జర్రున జారింది. మేస్త్రికి మోచెయ్యి గీసుకుపోయిందంతే. కానీ సంచీలోని డబ్బా మూత ఊడి, పైపళ్ళూ కిందిపళ్ళూ గాల్లో పల్టీ కొట్టి వెళ్ళి బేకరీ మెట్టు మీద నిటారుగా కూర్చున్నాయి. కూర్చుని ఒకటే ఇకిలింపు! జనం పొట్టలు పట్టుకున్నారు. బేకరీవాడు బన్నులు తీసే పటకారుతో వాటిని ఎత్తి, ట్రేలో పెట్టి తెచ్చాడు.

"సార్, మీ పళ్ళు."

"నావి కావయ్యా" అంటే సరిపోయేది. సిగ్గుతో నోరు పెగిలితేగా! పెదాలు బిగించుకుని, పళ్ళు జేబులో వేసుకుని చక్కా పోయాడు. దాంతో ఆయన నోట్లో ఒక్క పన్నూ లేదని వీధంతా ఖాయం చేసేసుకుంది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు సైకిల్ ఎక్కితే ఒట్టు. అలాగని ఇంట్లో వదలడు. పక్కన నడిపించుకుంటూ, బేకరీ తగలకుండా ఊరంతా చుట్టి ల్యాబుకి పోతాడు. ఎవరైనా అడిగితే "చెయిన్ ఊడింది" అంటాడు. తొమ్మిది రోజులూ ఊడే చెయిను!

ఇంట్లో మరీ ఘోరం. కిటికీలోంచి చూసి అత్తగారు "వాన పడేలా ఉంది" అందో లేదో, ఉలిక్కిపడి టీ ఒళ్ళో పోసుకున్నాడు. భార్యకి చిర్రెత్తుకొచ్చింది.

"ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో 'పడ' అనే ముక్క వినిపించకూడదు. ఎన్నిసార్లంటే అన్ని పూటలు గిన్నెలు తోమాలి."

"చాల్లే, నీ గిన్నెలకి నేను భయపడతానా?" అంది వాళ్ళమ్మ.

"ఒకటి."

"అయ్యో, పొరబడ్డాను!"

"రెండు. 'పడ' అయినా 'బడ' అయినా ఒకటే."

పాపం ఆవిడకి నాలుగు మాటలు మాట్లాడందే ముద్ద దిగదు. ఆ ముక్క లేకుండా తెలుగు మాట్లాడటం ఎవరి తరం చెప్పండి? కష్టపడాలన్నా, ఇష్టపడాలన్నా, ఆఖరికి నిలబడాలన్నా అందులో అదే ఉందాయె. మూడు రోజుల్లో ఇంట్లో గిన్నెలన్నీ తళతళలాడాయి, అత్తగారు సైగల్లోకి దిగింది.

శనివారం భార్య తేల్చి చెప్పేసింది. "రేపు మా తమ్ముడొస్తున్నాడు. మీరెక్కని సైకిల్ వాడికిచ్చేస్తా. తోసుకుంటూ తిప్పడానికి అదేమన్నా చంటిపిల్లా?"

బావమరిది పట్టుకెళ్ళిన గొడుగే ఇంతవరకు తిరిగి రాలేదు.

"బేకరీ దాకా తొక్కితే ఇవ్వవుగా?"

"ఇవ్వను."

ఆదివారం పొద్దున్నే సైకిల్ బయటికి తీశాడు. స్టాండు తీయడానికే పావుగంట పట్టింది. పెడల్ మీద కాలు పెట్టడం, తీయడం, పెట్టడం, తీయడం.

"గాలి తక్కువుంది" అన్నాడు.

"నిన్ననే కొట్టారు" అంది భార్య.

ఇక దాచలేకపోయాడు. "నా వల్ల కాదే. ఆ మలుపు తల్చుకుంటే ఆ పళ్ళే కళ్ళముందు ఇకిలిస్తున్నాయి."

ఆమె వచ్చి వెనక క్యారియర్ మీద కూర్చుంది. "పదండి."

మేస్త్రి అదిరిపోయాడు.

"'పద' అన్నానండీ! ఏదైనా అయితే ఇద్దరికీ అవుతుంది, పోనివ్వండి."

ఇద్దరి బరువుకి హ్యాండిల్ ఎడాపెడా మెలికలు తిరిగింది. వీధి చివరికొచ్చేసరికి కాస్త కుదురుకుంది. అంతలో బేకరీ వచ్చేసింది. అదే మెట్టు, అవే నీళ్ళు.

వెనకనుంచి చొక్కా గట్టిగా పట్టుకుని ఆమె సన్నగా అంది, "ఏమండీ, నేను భయపడుతున్నాను."

ఆ గొంతులో వేళాకోళం లేదు. అయినా ఈయన నోరు ఊరుకుంటుందా?

"ఒకటి!"

"మీ మొహం! ముందు చూడండి, పడతాం!"

"రెండు!"

ఆయనకి నవ్వాగలేదు. పొట్ట ఊగుతోంది, సైకిల్ ఊగుతోంది, వెనకనుంచి తిట్లు. ఆ గోలలో మలుపు ఎప్పుడు దాటిపోయిందో తెలీనేలేదు. బ్రేకు వేసి, బేకరీ పక్కన కాలు ఆన్చాడు.

బేకరీవాడు బన్ను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏమైపోయారు సార్! మీకోసం రోజూ మెత్తటిది తీసి పక్కన పెడుతున్నా, చిగుళ్ళు నొప్పెట్టకుండా."

మేస్త్రి బేకరీ కౌంటరు మీది సీసాలోంచి ఒక రస్కు అందుకుని అందరికీ వినిపించేలా కరకరా నమిలాడు. "ఇవి నా సొంత పళ్ళయ్యా. అవి వేరే పెద్దాయనవి."

బేకరీవాడు నోరు తెరిచాడు. "మరి ఆ రోజు మీకేమైంది సార్?"

చెయిన్ ఊడిందనబోయాడు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. బ్రెడ్డు కోసం నిలబడ్డ జనమంతా ఇటే చూస్తున్నారు.

"ఏముంది?" అన్నాడు గట్టిగా. "పడ్డాను."

"ఒకటి!" అని క్యారియర్ మీంచి కేక వినిపించింది. "రెండు పూటలు నావి, మూడో పూట గిన్నెలు మీవి!"