ముందున్నవాళ్ళ పిండి

శనివారం సాయంత్రం గోధుమరవ్వ ఉప్మా కలియబెడుతూ చంద్రిక మొహం పక్కకి తిప్పుకుంది. ఆవిరి తగిలినా కడుపు ఉబ్బుతుందేమోనని భయం. ఆ ఇంట్లో శనివారం రాత్రి ఎవరూ అన్నం ముట్టరు, ఫలహారమే. హాల్లోంచి అత్తగారు అమ్మాజీ అన్న మాట తిరగమోతలో ఆవగింజలా చిటపటలాడింది.

"దేవుడికేమో అన్నం పడదు, మా కోడలికేమో గోధుమ పడదు. ఇద్దరిలో ఎవర్ని ఒప్పించాలో తెలీక నేను చస్తున్నా."

గుంటూరు డాక్టరు పరీక్షలన్నీ చేసి ఖాయంగా చెప్పాడు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు చంద్రిక పేగులకి పడదు, నలుసు కూడా తగలకూడదు. రక్తం తక్కువగా ఉంది కాబట్టి పొద్దున పూట జొన్నరొట్టె తినమన్నాడు. ఆ మాట విని ఇంటికొచ్చిన రోజు అమ్మాజీగారు దయతలచి బొంబాయి రవ్వతో ఉప్మా చేయించింది. చేయించిందంటే, చంద్రికే చేసింది. "ఇది గోధుమ కాదుగా, బొంబాయిది," అంది అత్తగారు. ఆ మర్నాడు మైదా పూరీలు, ఆ పై వారం సేమ్యా పాయసం. గోధుమ పేర్లు మార్చుకుని ఆ ఇంట్లో దూరినన్ని సార్లు ఏ గజదొంగా ఏ ఊళ్ళోనూ దూరి ఉండడు.

అన్నిటినీ ఒక్కొక్కటే పట్టుకుని చంద్రిక తన కంచంలోంచి బయటికి నెట్టింది. అయినా కడుపు నొప్పి తగ్గలేదు. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్ళి పాఠాలు చెప్పే రేపల్లె బడిలో, పాఠం మధ్యలో సుద్దముక్క పడేసి పరుగెత్తాల్సి వచ్చేది. హెడ్మాస్టరు పాండురంగారావు "టీచరుగారికి మళ్ళీ అర్జంటు" అని వరండా అంతా వినేట్టు అనేవాడు. ఆవిడ కడుపులో గుడగుడ విని, ఎదురుగా ఇంకో రైలు వస్తోందనుకుని రేపల్లె బండి డ్రైవరు బ్రేకు వేశాడని స్టాఫురూములో చెప్పుకున్నారు. అందులో పాతికవంతు నిజమున్నా, ఆ బండి రోజూ ఎందుకు ఆలస్యమవుతోందో రైల్వేవాళ్ళకి తెలిసిపోయినట్టే.

భర్త అనంతకృష్ణ మాత్రం వేళాకోళమాడేవాడు కాదు. బుజ్జగించేవాడు. "గోధుమ మానేశావు కదా చంద్రికా. ఇంకా తగ్గలేదంటే జబ్బు కడుపులో లేదు, మనసులో ఉంది. వేసవి సెలవులయ్యాక బడికి వెళ్ళకు. ఇంటిపట్టున ఉంటే అదే సర్దుకుంటుంది."

తిడితే తిరిగి అనొచ్చు. బుజ్జగిస్తుంటే ఏమంటుంది? ఇంటిపట్టున ఉండటమంటే ఏమిటో చంద్రికకి తెలుసు. ఒకరికి చక్కెర లేని కాఫీ, ఒకరికి పొగలు కక్కే కాఫీ, ఒకరి చపాతీ మెత్తగా, ఒకరిది కరకరలాడుతూ, మధ్యలో తన రొట్టె మూతకింద చెమటపట్టి చల్లారిపోవడం. రోజు మొత్తంలో తను కూర్చునేది రైల్లో కిటికీ పక్కనే. వేమూరు దాటాక కనపడే ఆ పచ్చదనం, బడి గేటు దగ్గర "గుడ్మానింగ్ టీచర్" అనే అరుపులు, అవి కూడా పోతే తనకి మిగిలేది ఏమిటి? అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. నిజంగానే మనసులో ఉందేమో. తన ఒళ్ళు చెప్పే మాట తనే నమ్మలేని స్థితికి వస్తోందా? నొప్పి వచ్చినప్పుడల్లా ముందు పొట్ట పట్టుకునేది, తర్వాత తనని తనే అనుమానించుకునేది.

అలాంటి రోజుల్లో బాపట్లలో టీచర్ల శిక్షణ పడింది. వారంపాటు అక్క ప్రసన్నలక్ష్మి ఇంట్లో ఉంది. అక్కడా పొద్దున జొన్నరొట్టే. ఒక్కరోజూ కడుపు నొప్పి రాలేదు. ఆఖరి రోజైతే మూడు రొట్టెలు తిని, వంకాయ కూర గిన్నె అడుగు కూడా తుడిచేసింది.

"మీ అత్తగారి మొహం కనపడకపోతే ఎవరికైనా అరుగుతుందే," అంది అక్క.

"అంటే నువ్వూ మనసులోనే ఉందంటావా?"

"నేనేమన్నానే తల్లీ. మా వీధిలో పిండిమర మోటారు కాలిపోయి, జొన్నలు మిక్సీలో వేసి జల్లించుకోలేక నా చేతులు పడిపోయాయి. ఇంత కష్టపడితే ఆ పుణ్యం మీ అత్తగారికి పోతోందనే నా ఏడుపు."

తిరుగు రైల్లో చంద్రిక అదే ఆలోచిస్తూ కూర్చుంది. జొన్నలు అవే. ఉప్పు అదే. వేడినీళ్ళు పోసి కలిపిన చెయ్యి కూడా తనదే. మరి తేడా ఎక్కడ? నిడుబ్రోలు దాటుతుండగా ఒక్కసారి లేచి నిలబడి "మర" అంది పైకే.

పక్కన చేపల తట్టతో కూర్చున్న రత్తాలు జాలిగా చూసింది. "ఆ టేషను ఈ లైన్లో లేదమ్మా. కూచో, తెనాల్లో ఎవర్నైనా అడుగుదాం."

ఆదివారం పొద్దున్నే జొన్నల డబ్బా చంద్రికే పట్టుకుని అంగలకుదురు రోడ్డులో మరకి బయల్దేరింది. అన్నాళ్ళూ ఆ పని అనంతకృష్ణది. "దీనికోసం ఆదివారం పూట మరలో నిలబడుతున్నా," అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పుకునేవాడు. ఆ మర సామాన్యమైంది కాదు. నల్లకుక్క ఒకటి పొరపాటున అందులో దూరి, పిండి దుమ్ముకి తెల్లగా అయి బయటికొస్తే, పెంచినవాళ్ళే గుర్తుపట్టక కర్ర పుచ్చుకుని తరిమారట. అది ఇప్పటికీ వేరే వీధిలో వేరే పేరుతో బతుకుతోందంటారు.

చంద్రిక ముందున్నావిడ గోధుమలు పోయించింది. గుడ్డ గొట్టంలోంచి పిండి జారి డబ్బాలో పడింది. మర నడిపే రాజారత్నం గొట్టాన్ని రెండు దెబ్బలు కొట్టి, మర ఆపకుండానే చంద్రిక డబ్బా కోసం చెయ్యి చాపాడు. ఆమె డబ్బా ఇవ్వలేదు.

"రాజారత్నంగారూ, కారం కూడా ఇందులోనే పడతారా?"

"భలేవారే టీచరుగారూ. మీ పిండి ఎర్రగా వస్తే మీరు ఊరుకుంటారా? కారం మర అదిగో, వేరే."

"మరి గోధుమల వెనకాలే జొన్నలు పోస్తే?"

"తెల్లదాంట్లో తెల్లది, ఎవరికి తెలుస్తుందండి? ముందున్నవాళ్ళ పిండి కాస్త మీకొస్తుంది, మీది కాస్త వెనకాలవాళ్ళకి పోతుంది. ఊరన్నాక ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవా?"

చంద్రిక గుండె ఆ మరకన్నా గట్టిగా ఆడింది. మనసులో లేదు. ఈ గొట్టంలో ఉంది. ఇన్నాళ్ళూ తన ఒళ్ళు నిజమే చెప్పింది. ఆ దుమ్ములో, అంత చప్పుడులో, నిలబడి ఒక్కతే నవ్వింది.

"అదేంటండి, పట్టించుకోకుండానే వెళ్ళిపోతున్నారు?"

"పట్టించుకోవడం ఇప్పుడే మొదలుపెట్టానండి," అంది డబ్బా చంకనెత్తుకుని.

ఇంటికొచ్చి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. మిక్సీకి కొత్త జార్, వేరే పెనం, వేరే జల్లెడ కావాలంది. అనంతకృష్ణ మొహం ముడుచుకుంది. "అంటే ఇన్నాళ్ళూ నేను తెచ్చింది విషమంటావా?"

"మీరు తెచ్చింది జొన్నపిండేనండి. ఎవరో గోధుమపిండి కొసరు వేశారు."

అవన్నీ తనే కొనుక్కొచ్చి, జొన్నలు ఇంట్లోనే మిక్సీలో వేసుకుంది. ఆ తర్వాత మూడు వారాలు సుద్దముక్క చేతిలోంచి జారలేదు. బుగ్గల మీదికి కాస్త రంగొచ్చింది. పాండురంగారావు అనడానికి మాట దొరక్క వరండాలో ఊరికే తిరిగాడు. ఆ తర్వాత ఒకరోజు మళ్ళీ నొప్పి. "చూశావా," అన్నాడు అనంతకృష్ణ. ఈసారి చంద్రిక తనని తను అనుమానించుకోలేదు, వంటింటిని అనుమానించింది. ఆ పొద్దున జరిగిందంతా గుర్తు తెచ్చుకుంది: తన రొట్టె పెనం మీదే మూతపెట్టి అందరి చపాతీలయ్యేదాకా ఆగింది. ఆ లోపల అత్తగారు చపాతీ తిప్పిన అట్లకాడతోనే దాన్నీ ఒకసారి తిరగేసింది, పాపం, మాడిపోతుందేమోనని.

మర్నాడు పొద్దున పొయ్యిమీద మొదట చంద్రిక పెనమే ఎక్కింది. రొట్టె కాల్చి, కంచంలో వేసుకుని, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

అమ్మాజీగారు గుమ్మంలో ఆగిపోయింది. "ఏంటే ఇది? మావాడింకా తినలేదు."

"అవునండి అత్తయ్యగారూ. నేను తిని, నా పెనం కడిగి పైన పెట్టుకున్నాక గోధుమపిండి డబ్బా తీస్తాను. బండి టైము లోపల అయినన్ని చేస్తాను. మిగతావి ఆయన వత్తుకుంటారు."

అనంతకృష్ణ పేపరు దించాడు. "రోజూ నువ్వే ముందు తింటావా? ఎన్నాళ్ళిలా?"

"జన్మంతా అన్నాడండి డాక్టరు," అని చంద్రిక రొట్టె తుంచింది. వేలు చురుక్కుమంది. తను కాల్చిన రొట్టె ఇంత వేడిగా ఉంటుందని ఆ ఇంటికొచ్చాక ఆమెకి తెలియడం అదే మొదటిసారి.