బ్రేకు భుజానికా, గుండుకా?

నేను ఒక మజిల్ బ్రేకును. పేరు చూసి బెదరకండి. వేలెడు పొడవున్న ఉక్కు గొట్టాన్ని నేను. పక్కల చీలికలుంటాయి, రైఫిలు మూతికి మరతో బిగిస్తారు. కర్నూలు దగ్గర ఒక పోలీసు బెటాలియన్ వర్క్‌షాపులో, హవల్దారు దస్తగిరి చేతిలో, లేతు మిషను మీద కీచుమంటూ పుట్టాను.

నేను రాకముందు ఆ రైఫిలు గాడిదలా తన్నేది. తూటా దూకగానే దాని వెంటే మందు కాలిన ఆవిరి బుస్సుమని వస్తుంది. ఆ రెండూ ముందుకు పోయే ఊపుకు తుపాకీ వెనక్కి తంతుంది. ఆ తన్నులు తిన్నది కానిస్టేబుల్ ఉరుకుందమ్మ. గురి మంచిదే. కానీ భుజం కమిలిపోయాక ట్రిగ్గరు నొక్కే ముందే కళ్లు మూసుకోవడం అలవాటైంది. తూటాలు తలో దిక్కుకు పోయేవి. షూటింగ్ జట్టులో చేరాలంటే పరీక్ష గట్టెక్కాలి. తప్పితే మళ్లీ స్టోరు గదిలో బూట్లు, బెల్టులు పంచుతూ కూర్చోవడమే. ఆ గది తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చేది.

పరీక్ష నాటి ఉదయం దస్తగిరి పైవాళ్ల అనుమతితో నన్ను బిగించాడు. "బ్రేకు పెట్టినా తల్లీ, ఇంక భయం ల్యా, నిమ్మళంగా కాల్చు" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. అతనికి పని మీదున్న శ్రద్ధ మనుషులకు చెప్పడం మీద ఉండదు.

ముందుగా గురి సరిచూసుకోవడానికి కాల్చే తూటాలు. ఉరుకుందమ్మ దూరంగా పలక మీదున్న మనిషి బొమ్మ మీదికి కాల్చింది. బైనాక్యులర్లో చూసిన ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడు. "అన్నీ బొమ్మ తలకాయ దాటి, పలక పైఅంచుకు పోయినాయి."

ఆమె ముఖం పాలిపోయింది. నాకైతే పుట్టగానే చెడ్డపేరు ఖాయమనిపించింది. దస్తగిరి పరుగున వచ్చాడు.

"యాడ గురి పెట్టినావు?"

"రోంత పైకి పెట్టినా అన్నా. బ్రేకు ఏసినావు గదా, గుండు నిదానమై కిందికి పడతాదని..."

దస్తగిరి నెత్తి కొట్టుకున్నాడు. "బ్రేకు నీ భుజానికి తల్లీ, గుండుకు కాదు!"

నిజమే. తూటాను నేను తాకను కూడా తాకను. అది నా మధ్యగా పలకరించకుండా పోతుంది. వెనక వచ్చే ఆవిరినే పట్టుకుని పక్కలకూ, కాస్త వెనక్కూ తిప్పుతాను. అది నా గోడలను తోసిన తోపుకు రైఫిలు ముందుకు లాగినట్టవుతుంది, భుజం మీద తన్ను తగ్గుతుంది. తన్ను తగ్గించినందుకు మోత పెంచుతాను. ఆ మోతా, దుమ్మూ పక్కన పడుకుని కాల్చేవాడికి తగులుతాయి. ఆ కానిస్టేబుల్ అప్పటికే నా వంశాన్నంతా తిట్టిపోశాడు.

ఇన్‌స్పెక్టరు బైనాక్యులర్ మళ్లీ ఎత్తాడు. "ఉండు దస్తగిరీ. పైకి పోతే పోయినాయి గానీ, అన్నీ ఒక్క అరచేతి కింద పట్టేటట్టుండాయి. ఈ పాప కండ్లు మూసుకోలేదబ్బా!"

ఆమెకే తెలియలేదు ఆ సంగతి. మళ్లీ పడుకుని, ఈసారి అసలు పరీక్ష తూటాలు నడిమికే గురి పెట్టి కాల్చింది. ఒకదాని వెంట ఒకటి బొమ్మ గుండెలో దిగాయి. ఇన్‌స్పెక్టరు జట్టులోకి ఆమె పేరు చదివాడు. మోత తగలకుండా చెవులకు పెట్టుకున్న మఫ్‌లు ఇంకా తీయకపోవడంతో ఆమెకు అది వినబడనే లేదు. లేచి కూర్చుని, భుజం ఒకసారి తడుముకుని, గట్టిగా నొక్కి చూసుకుని, తను అరుస్తున్నానని తెలియకుండానే మైదానమంతా అదిరేలా అరిచింది:

"నొప్పి ల్యా, దస్తగిరన్నా! నొప్పే ల్యా!"